ధర జోస్యం ఎవరికి అక్కరకొస్తోంది?

మృగశిర వచ్చింది. ఏ విత్తనం వేద్దామన్న మాట ఊరూరా నడుస్తోంది. ఎక్కువమంది చూసేది ఒక్కటే: పోయినేడు దేనికి ధర పలికింది? ధర పలికిన పంటనే అందరం వేస్తాం. అందరి పంటా ఒకేసారి యార్డుకు చేరుతుంది, ధర పడుతుంది. మరుసటేడు మానేస్తాం. మళ్లీ ధర లేచిన రోజున మన చేతిలో గింజ ఉండదు. ఈ తప్పు మేమూ చేశాం.

ధరల అంచనాలు లేకపోలేదు. జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం మొక్కజొన్న, సోయా, పత్తి వంటి పంటలకు కోత నాటికి ధర ఎంత ఉండవచ్చో చెబుతూనే ఉంది. పాత ఏళ్ల యార్డు ధరలు, రాబడులు చూసి శాస్త్రవేత్తలు లెక్క కడతారు. అయితే రాత్రికి రాత్రి ఢిల్లీలో వెలువడే ఉత్తర్వు ఏ లెక్కకూ అందదు.

2025లో ఏం జరిగిందో చూడండి. 2025 మే 28న కేంద్రం ఖరీఫ్ మద్దతు ధరలు ప్రకటించింది. సోయాకు రూ.436 పెంచి క్వింటాలు రూ.5,328, వేరుశనగకు రూ.480 పెంచి రూ.7,263 చేసింది. సరిగ్గా రెండు రోజులకు, మే 30న, ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెల మీద మూల దిగుమతి సుంకాన్ని 20 శాతం నుంచి 10 శాతానికి కోసింది. సెస్సులతో కలిపితే 27.5 శాతం కాస్తా 16.5 అయింది. ఒక చేత్తో నూనెగింజలు వేయమని, రెండో చేత్తో బయటి నూనెకు తలుపు తెరవడం! 2024 సెప్టెంబరులో సుంకం పెంచింది కూడా ఈ ప్రభుత్వమే. తొమ్మిది నెలలు కూడా నిలవని విధానాన్ని నమ్మి ఆదిలాబాద్ సోయా రైతు, అనంతపురం వేరుశనగ రైతు, ఖమ్మం, ఏలూరు పామాయిల్ రైతు ఏం పెట్టుబడి పెట్టాలి?

2021లోనూ ఇదే జరిగింది. సోయా ధర బాగా లేచిన ఆగస్టులో, కొత్త పంట ఇంకా చేలో ఉండగానే, 12 లక్షల టన్నుల సోయా చెక్క దిగుమతికి అనుమతిచ్చారు. పంట కోసేనాటికి ఆ ధర లేదు.

దిగుమతి అడిగింది కోళ్ల పరిశ్రమ. అంతమాత్రాన కోళ్ల రైతు మనకు శత్రువు కాడు. దాణాలో ప్రధానం మొక్కజొన్న, సోయా చెక్కలే. దాణా ధర పెరిగితే అతను మునుగుతాడు, పడితే మనం మునుగుతాం. యాసంగి మొక్కజొన్న యార్డుకు వచ్చేది ఎండల్లో. అప్పుడు వేడికి భయపడి ఫారాల్లో పిల్లలను తగ్గించి వేస్తారు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చి కోడి కొనేవాళ్లే తగ్గారు. కోడి అమ్మకపోతే దాణా కదలదు, దాణా కదలకపోతే మక్క కదలదు. ఇథనాల్ ఫ్యాక్టరీల వల్ల గిరాకీ పెరిగింది నిజమే. ఆ గిరాకీ కూడా సర్కారు కట్టే ఇథనాల్ ధరను బట్టే ఉంటుంది.

అందుకే మా డిమాండ్లు మూడు. విత్తిన నాటి నుంచి పంట అమ్ముకునే దాకా దిగుమతి సుంకాలు మార్చకూడదు. ధరల అంచనాలు విత్తడానికి నెల ముందే రైతు వేదికల్లో, రైతు సేవా కేంద్రాల్లో తెలుగులో అతికించాలి. పంట యార్డుకు రాకముందే కొనుగోలు కేంద్రాలు తెరవాలి. తేమ 14 శాతం దాటిందని మక్కలు వెనక్కి పంపేవాళ్లు ముందు ఆరబెట్టే కల్లాలు చూపించాలి.

మన వంతు పనీ ఉంది. ప్రతి గ్రామ శాఖ ఈ నెలలోనే ఎవరు ఏ పంట ఎన్ని ఎకరాలు వేస్తున్నారో రాసి మండల కమిటీకి పంపాలి. పక్క ఊరు ఏం వేస్తోందో తెలియకుండా విత్తడం గుడ్డెద్దు చేలో పడ్డట్టే. మన లెక్క మన చేతిలో ఉంటేనే కాంటా దగ్గర గట్టిగా మాట్లాడగలం.