గండిపేట నీటిబొట్టు - సముద్ర శాస్త్రమునకు తొలిమెట్టు

సముద్ర వృక్షశాస్త్రము తీరవాసులకే చెందిన విద్య యని మనలో పలువురి అభిప్రాయము. చేవెళ్ళ, మొయినాబాదు ప్రాంతముల విద్యార్థికి కడలి వందల కిలోమీటర్ల దూరమున నున్నది. కనుక శైవలముల పాఠము వచ్చినపుడు పుస్తకములోని బొమ్మను రికార్డులోనికి దించి, రంగు పెన్సిలు దిద్ది, సంతకము చేయించుకొని తృప్తి పడుచున్నాము. ఈ పద్ధతి మారవలెననియు, అందులకు కావలసినది సముద్రము కాదు, మన ముంగిట నున్న గండిపేట జలాశయమేననియు మనవి చేయుట ఈ వ్యాసోద్దేశము.

తెలుగువారు నాచు అనినను, ఉర్దూవారు కాయీ అనినను ఆ మాటలో కొంత యేవగింపు ధ్వనించును. కాలు జారుటకు కారణమైన దానికి అంతకంటె గౌరవ మెవరిత్తురు? కాని సూక్ష్మదర్శిని క్రింద ఆ నాచే వేరొక లోకము. 1674లో హాలండు దేశస్థుడైన లీవెన్‌హుక్ తన ఊరికి సమీపమున గల ఒక సరస్సు నీటిని కటకము క్రింద నుంచి, సర్పిలముగా చుట్టుకొనిన ఆకుపచ్చని చారలను చూచి లేఖలో వర్ణించెను. అది మనము నేడు పాఠములలో చదువు స్పైరోగైరా యని శాస్త్రజ్ఞుల భావన. ఆయన బట్టల వర్తకుడు. విశ్వవిద్యాలయ పట్టము లేనివాడు. ఆయనకు సాధనమైనది ఊరి సరస్సే గదా!

అయితే చూచుట వేరు, గుర్తించుట వేరు. పేరు తెలియని మొక్క పెరిగినను తరిగినను లెక్కకు రాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు చెందిన ఉమామహేశ్వరరావు, శ్రీరాములు గారలు విశాఖపట్టణపు రాళ్ళపై ఆటుపోటుల నడుమ పెరుగు శైవలములను పరిశీలించి 1964లో ఫలితములను ప్రకటించిరి. 1970లో అచ్చటి సముద్ర శైవలముల వివరణ వెలువడినది. నేడు ఆ తీరమున ఏది మిగిలినది, ఏది మాయమైనది యని ఎవరైన అడిగినచో పోల్చి చూచుటకు ఆధారము అట్టి జాబితాలే.

పేరు కూడ శాశ్వతము కాదు. పలుచని ఆకువలె నుండు ఉల్వాను, గొట్టమువలె నుండు ఎంటిరోమార్ఫాను శాస్త్రజ్ఞులు సుమారు రెండు శతాబ్దములు వేర్వేరు ప్రజాతులుగా భావించిరి. ఉల్వా రెండు కణముల మందము గల పత్రము. ఎంటిరోమార్ఫా ఒకే కణము మందము గల గొట్టము. సూక్ష్మదర్శినిలో ఈ భేదము స్పష్టము. అయినను 2003లో డి.ఎన్.ఎ. పరీక్షల ఆధారమున ఆ రెండును ఒకటే ప్రజాతి యని తేలినది. రెంటిని కలిపి ఉల్వా యని పిలిచిన లిన్నేయస్ మాటయే నిలిచినది. ఇందలి నీతి యేమి? పాత జాబితాలోని పేరు మారినపుడు, భద్రపరచిన నమూనా ఉన్నచో సరిచూచుకొనవచ్చును. పేరు మాత్రమే మిగిలినచో ఊహయే శరణ్యము.

చిత్రమునకును ఇదే నియమము. ఆనా ఆట్కిన్స్ అను ఆంగ్ల మహిళ సముద్ర శైవలములను రసాయనము పూసిన కాగితముపై పరచి, ఎండ సహాయమున నీలిరంగు ముద్రలు తీసి 1843లో గ్రంథముగా వెలువరింప నారంభించెను. ఛాయాచిత్రములతో వెలువడిన తొలి పుస్తకముగా దానిని పరిగణింతురు. నేడు మన చేతి ఫోనునే సూక్ష్మదర్శినికి ఆనించి క్షణములో చిత్రము తీయవచ్చును. కాని తేది, స్థలము, కొలత, సేకరించినవారి పేరు లేని చిత్రము గోడకు అలంకారమే గాని శాస్త్రమునకు సాక్ష్యము కాదు. పైగా సాధారణ సూక్ష్మదర్శిని మైక్రాన్‌లో ఐదవ వంతుకంటె సన్నని వివరమును విడదీసి చూపజాలదు. డయాటముల సిలికా కవచముపై గల అతి సూక్ష్మ రంధ్రములకు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినియే కావలెను. నేడు మనకు కనబడనిది రేపటి పరిశోధకునికి కనబడవచ్చును; కనుకనే నమూనాను పారవేయరాదు.

ఇక మన జలాశయము మాట. 1908 నాటి మూసీ వరద తరువాత, నగర రక్షణకును త్రాగునీటికిని నిర్మింపబడిన ఉస్మాన్‌సాగర్ 1920లో పూర్తియైనది. గండిపేట నీరు త్రాగినవాడు హైదరాబాదు విడిచిపోడని వాడుక. ఈ జంట జలాశయముల చుట్టు 10 కిలోమీటర్ల మేర, 84 గ్రామములలో నిర్మాణములను 1996 నాటి 111వ నంబరు ఉత్తర్వు కట్టడి చేసినది. 2022లో 69వ నంబరు ఉత్తర్వు, నీటి నాణ్యత చెడరాదను షరతులతో, ఆ ఆంక్షలను తొలగించినది. అభివృద్ధి వలదని నేననుట లేదు. పదేండ్ల తరువాత నీరు మారినదా యను ప్రశ్న వచ్చినపుడు జవాబు చెప్పగల సాక్ష్యము ఎవరివద్ద నుండును? మురుగుతో వచ్చు నత్రజని, భాస్వరములు హెచ్చినచో మైక్రోసిస్టిస్ వంటి నీలిఆకుపచ్చ జాతులు విజృంభించును. వానిలో కొన్ని కాలేయమునకు హాని చేయు విషమును పుట్టించును. కాచినను ఆ విషము నశింపదు. ఈ మార్పును తొలుత పట్టి యిచ్చునది సూక్ష్మదర్శినియే.

ఈ మార్గము మనకు క్రొత్త కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఎ.ఆర్. జాఫర్ గారు నగరపు చేపల చెరువుల శైవలములను గూర్చియు, వి. వెంకటేశ్వర్లు గారు మూసీ శైవలములకును కాలుష్యమునకును గల సంబంధమును గూర్చియు 1960వ దశకములోనే అంతర్జాతీయ పత్రికలలో వ్రాసిరి. మూసీ వాడపల్లి వద్ద కృష్ణలో కలియును. కృష్ణ హంసలదీవి వద్ద బంగాళాఖాతమున కలియును. మన మురుగు తీరమునకు పోవు త్రోవ ఇదియే. కనుక తీరప్రాంత జీవావరణము మనకు పరాయి విషయము కాదు.

పరికరములకు ధన మెక్కడిదని కొందరు శంకింతురు. ప్రయోగశాలలో నున్న సామాన్య సూక్ష్మదర్శిని చాలును. మను ప్రకాష్ బృందము కాగితము మడచి రూపొందించిన ఫోల్డ్‌స్కోపు సైతము 140 రెట్లు పెద్దదిగా చూపును. నీటిబొట్టుకు అయోడిన్ చేర్చినచో ఆకుపచ్చ శైవలములందలి పిండిపదార్థము నల్లనీలముగా మారును, డయాటములు మారవు. ఇట్టి పరీక్షకు ఎంత వ్యయమగును?

కళాశాల కమిటీ పెద్దలకు నా విన్నపము మూడు మాటలు. అధికారుల అనుమతితో, అధ్యాపకుల పర్యవేక్షణలో, నెలకొకసారి ఒడ్డునుండి నీటి నమూనా తీయించవలెను. ప్రతి సీసాకు, స్లైడుకు, చిత్రమునకు ఒకే సంఖ్య వేసి, తెలుగు, ఉర్దూ, శాస్త్రీయ నామములతో ఒక రిజిస్టరు నడపవలెను. వానిని భద్రపరచుటకు తాళము గల ఒక బీరువా నియ్యవలెను. విద్యార్థి మిత్రులారా! మూడేండ్లలో మనము వెళ్ళిపోదుము. రిజిస్టరు మాత్రము నిలుచును. అచ్చుబొమ్మను దించిన రికార్డు పరీక్షతో ముగియును. మనము స్వయముగ చూచి, తేది వేసి దాచిన నీటిబొట్టు మాత్రము మన తరువాత వచ్చువారికి సాక్ష్యముగ నిలుచును.