యోచన చేయొద్దమ్మా!

జూపాడు బంగ్లా వైపు ఆడమనిషి దిగులుగా కూర్చుంటే ఇంట్లోవాళ్లూ ఆస్పత్రిలోవాళ్లూ ఒకటే మాట అంటారు: ‘‘ఊరికే యోచన చేయొద్దమ్మా.’’ మా సీమలో యోచన అంటే ఆలోచనా, దిగులూ రెండూ. దిగులు మాన్పిస్తామంటూ ఆలోచననే నిషేధించే సలహా ఇది. దీనికి శాస్త్రాన్ని సాక్ష్యం తెస్తారు కాబట్టి శాస్త్రంతోనే మాట్లాడదాం.

మనసు బాగలేనప్పుడు దృష్టి తనమీదికి తిరుగుతుంది, నిజమే. దిగులు కలిగితే ఆడవాళ్లు దాన్నే నెమరేస్తారనీ, మగవాళ్లు వేరే పనిలో పడతారనీ, స్త్రీలలో డిప్రెషన్ ఎక్కువగా ఉండడానికి అదొక కారణమనీ అమెరికన్ మనస్తత్వవేత్త సూసన్ నోలెన్-హోక్సెమా 1987లో ప్రతిపాదించారు. ఆమె స్త్రీలను నిందించలేదు. తీరని చాకిరీ, తన బతుకు తన చేతిలో లేకపోవడం ఈ నెమరువేతతో ముడిపడి ఉన్నాయని తర్వాత సహచరులతో కలిసి రాశారు. మనదాకా వచ్చేసరికి ఆ సగం రాలిపోయి ‘‘ఎక్కువ ఆలోచించకు’’ ఒక్కటే మిగిలింది.

1992లో పీటర్ సలోవే ప్రచురించిన ప్రయోగాల్లో దిగులే కాదు, సంతోషం కూడా మనిషి దృష్టిని తనమీదికి తిప్పింది. తర్వాతి పరిశోధనలన్నీ దీన్ని ఒప్పుకోలేదు. అయినా అడుగుతాను, పదిమందిలో తన గురించే చెప్పుకుని మురిసిపోయే మగవాడికి ‘‘యోచన చేయొద్దు’’ అని ఎవరైనా చెప్పారా? అతనిది ఆత్మవిశ్వాసం, ఆమెది జబ్బు!

2003లో నోలెన్-హోక్సెమా బృందమే నెమరువేతను రెండుగా విడదీసింది. నా గతి ఇంతేనని కుమిలిపోవడం ఒకటి, ఎందుకిలా ఉన్నానని తరచి చూసుకోవడం ఇంకొకటి. రెండోది అప్పటికి బాధతో కలిసే ఉన్నా, కాలం గడిచేకొద్దీ కుంగుబాటు తగ్గడంతో ముడిపడి కనిపించింది. ‘‘యోచన చేయొద్దు’’ అనేవాళ్లు ఈ రెండింటినీ ఒకే గాట కడుతున్నారు.

పి. సత్యవతి ‘ఇల్లలకగానే’ కథలో తన పేరే మరిచిపోయిన ఇల్లాలికి ఆ పేరెలా దొరికింది? వెతకడం మానేసి కాదు. వెతుక్కుంటూ వెళ్తే పాత స్నేహితురాలు పేరు పెట్టి పిలిచింది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఎవరింట్లో వాళ్లు ఏడ్చుకున్న సారా బాధ, చదువుల కేంద్రంలో కలిసి కూర్చున్నాక అందరి బాధ అయింది. ఆ ఉద్యమం జిల్లాలు దాటాకే 1993లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది.

మందు కావాల్సిన జబ్బుకు మందే ఇవ్వాలి, వాదన లేదు. కానీ మందుతోపాటు నోరు మూయించే హక్కు ఎవరికీ లేదు. ‘‘ఏం యోచన చేస్తాండావమ్మా, చెప్పు’’ అని అడగండి. అడిగాక, ఆమె చెప్పడం అయ్యేదాకా లేవకండి.