మన బ్యానర్ మీద నటరాజెందుకు?

సంగారెడ్డి, పటాన్‌చెరు చుట్టుపట్ల మన పిల్లలు కళాబృందాలు పెడుతున్నరు. సంతోషం. పాట మనది, ఆట మనది, గొంతు మనది. కానీ లెటర్‌హెడ్ చూస్తే పైన నటరాజు, పక్కన వీణ! ఫ్లెక్సీ చూస్తే ముప్పాతిక వంతు నాయకుని మొఖం, మూలకు మిరియం గింజంత బృందం పేరు. ఇదేందని అడిగితే, "గుర్తుదేమున్నది సార్, డీటీపీ సెంటరాయన ఏది పెడితే అది. ఆట ముఖ్యం గదా" అంటున్నరు.

గుర్తులోనే ఉన్నది సంగతంతా. 1951-52 మొదటి సాధారణ ఎన్నికల్లో అక్షరం రాని కోట్లమంది గుర్తు చూసే ఓటు వేసిండ్రు. బాబాసాహెబ్ 1942లో పెట్టిన షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ ఆ ఎన్నికల్లో ఏనుగు గుర్తు మీద నిలబడింది. దాని జెండా నీలం. ఆ నీలం ఇయ్యాల్టికీ మన వాడలను విడవలేదు. నీలి కోటు, చేతిల పుస్తకం, చాపిన వేలు కనబడితే చదువురాని అవ్వ సుత "మన అంబేద్కరు" అంటది. ఎందుకు? అన్ని ఊర్లల్ల ఒక్కతీరుగ ఉన్నది గనుక. గుర్తు బలమంటే అది.

నాటకాలోళ్లకు ఇది కొత్త ముచ్చట కాదు. 1943లో బొంబాయిల పుట్టిన ఇప్టా నాటక సంఘానికి చిత్తప్రసాద్ గీసిచ్చింది దేవుని బొమ్మ కాదు, నగారా మోగించే మనిషి బొమ్మ. 1972లో మొదలైన జననాట్యమండలికి ధోతి, గొంగడి, గజ్జెలే గుర్తింపైనయి. మన తూప్రాన్ బిడ్డ గద్దర్ ఆ కట్టుతో లేచి నిలబడితే వేరే బ్యానర్ అవసరం రాలేదు. అంతకుముందు తరతరాలుగ చిందోళ్లకు కర్ర కిరీటం, భుజకీర్తులు, రంగు పూసిన మొఖం ఉన్నయి. డక్కలోళ్లు మాదిగవాడల జాంబపురాణం చెప్పనీకి విప్పే ఎర్ర పటమే వాళ్ల బోర్డు. ఇంత ఆస్తి ఇంట్ల పెట్టుకొని, బజార్ల బొమ్మ కొనుక్కునుడేంది?

మన గుర్తు డప్పు. చావుకు, చాటింపుకు వెట్టిగ కొట్టించుకొని మనను సిగ్గుపడమన్న డప్పునే 1994 జూలై 7న ఈదుమూడిల మొదలైన దండోర తలెత్తి మోగించింది. "డప్పు మాదిగలదే గదా, మా సంగతేంది?" అని మాల తమ్ముళ్లు అడగొచ్చు. అడగాల్సిందే. ఒక్కకాడ కూసొని తేల్చుకుందాం. కానీ నటరాజు మాత్రం ఇద్దర్ల ఎవ్వరిదీ కాదు!

డప్పు గీసేటోనికి డప్పు తెలవాలె. బజారు బొమ్మల్ల ఒక్క పుల్లే ఉంటది, లేకుంటె రెండూ ఒక్కతీరుగ ఉంటయి. సిర్ర పొట్టిగ, లావుగ ఉంటది. చిటికెన పుల్ల పొడుగ్గ, సన్నగ ఉంటది. వాడల డప్పు కొట్టే పెద్దమనిషిని పక్కన కూసోబెట్టుకొని గీయుండ్రి. గీసినంక మూడు పరీక్షలు పెట్టుండ్రి. ఒక్క రంగుల అచ్చయితదా? రసీదు బుక్కు మీద రూపాయి బిళ్లంత చేసినా ఆనుతదా? అట్ట కోసి రంగు అద్దితే గోడ మీద పడ్తదా? రంగులు రెండే: నీలం, నలుపు. బ్యానర్, కరపత్రం, అంగీ అన్నిటి మీద పేరు ఒక్కతీరు అక్షరాల్లో ఉండాలె. సభకో తీరు మార్చొద్దు.

మన బెల్టుల తెలుగు అక్షరమొక్కటే సాలదు. 2025 జూన్ 30న పాశమైలారం మందుల ఫ్యాక్టరీ పేలుడుల చనిపోయినోళ్లల్ల ఒడిశా, బీహార్, ఉత్తరప్రదేశ్ కూలీలు ఎంతోమంది. వాళ్ల తోటోళ్లు ఇంకా ఈ షెడ్లల్లనే పని చేస్తున్నరు. మన నాటకం వాళ్ల గురించి గూడ. వాళ్లు మన పేరు చదవలేరు, డప్పు బొమ్మను గుర్తుపడ్తరు.

అయితే బొమ్మ పెట్టుకోంగనే పని ఒడువలేదు. మంత్రి వస్తే డప్పోళ్లను గేటు కాడ ఎండల నిలబెడ్తరు, ఆహ్వాన పత్రికల వాళ్ల పేరుండదు. మన బృందం గూడ అదే చేస్తే ఆ గుర్తు అబద్ధం. డప్పు కొట్టేటోని పేరు కరపత్రంల ఉండాలె, కూలి చేతిల పడాలె, కుర్చీ కమిటీల వెయ్యాలె. ఇంకొకటి. నక్కవాగును విషం చేసిన కంపెనీల పైసలు తీసుకొని వాళ్ల పేరు మన డప్పు పక్కన అచ్చేస్తే, నక్కవాగు పాట ఏ మొఖంతోని పాడుతం? పదిరూపాయల చందాతో గుడ్డ బ్యానర్ కట్టినా సరే, దాని మీద మన గుర్తే ఉండాలె.

వచ్చే ఏప్రిల్ 14 జయంతికి ప్రతి బృందం నటరాజును దించాలె, డప్పును ఎత్తాలె. గీసేది మనమే, మోసేది మనమే.

జై భీమ్!