నలభై మంది ఉపాధ్యాయులకు పదహారు జీబీల సర్వరా?



మన పాఠాలను ఒకచోట దాచుకొని అందరమూ కలిసి దిద్దుకొనేందుకు సొంత గిట్ సర్వరు ఒకటి పెట్టుకుందామని నేను ప్రతిపాదించి ఏడాది కావస్తున్నది. ప్రోగ్రాములు రాసేవారు పదిమంది కలిసి ఒకే కోడును రాసుకొనేందుకు వాడే సాధనమే ఇది. ఎవరు, ఏనాడు, ఏ వాక్యాన్ని, ఎందుకు మార్చారో అందులో నిలిచి ఉంటుంది. ఒకరి దిద్దుబాటును మరొకరు చూసి ఒప్పుకొన్న తరువాతనే అది మూలప్రతిలో కలుస్తుంది. పాఠ్యరచనకు ఇంతకన్న తగిన పద్ధతి నాకు తెలియదు.

ప్రతిపాదనను ఎవరూ కాదనలేదు. "మంచిదే గాని, మనవల్ల అవుతుందా" అన్నారు. ఆ సందేహానికి మూలం ఒక అంచనా పత్రం. ఎవరో సరఫరాదారును అడుగగా ఎనిమిది కోర్ల ప్రాసెసరు, 16 జీబీ మెమరీ, దానికి తగిన యూపీఎస్సు అని వరుసగా రాసి, కింద మన చందాలన్నీ కూడగట్టినా చాలని మొత్తం వేసి ఇచ్చాడు. సమావేశంలో ఆ కాగితం చేతులు మారింది. అందరూ నిట్టూర్చారు. మళ్లీ వాట్సాప్ గుంపుకే వెళ్లి కూర్చున్నాము.

ఆ అంకెలు ఎక్కడివో వెదికి చూశాను. గిట్‌ల్యాబ్ అనే ప్రసిద్ధమైన సాఫ్ట్‌వేరు వారి సూచనలలోనివి. వెయ్యిమంది వాడుకదారులకు, అనగా సెకనుకు ఇరవై అభ్యర్థనల దాకా వచ్చే చోటికి, వారు చెప్పిన కొలత అది. గిట్‌ల్యాబ్ అంటే ఒక్క ప్రోగ్రాము కాదు. లోపల పోస్ట్‌గ్రెస్ డేటాబేసు, రెడిస్, వెనుక పనులు చేసే సైడ్‌కిక్, తన ఆరోగ్యాన్ని తానే కొలుచుకొనే ప్రొమీథియస్ ఇత్యాదులన్నీ కలిసి నడుస్తాయి. అందుకే దానికి అంత మెమరీ. వారే తక్కువ మెమరీ ఉన్న యంత్రాల కోసం వేరొక అధ్యాయం రాసి, కొన్ని అంగాలను ఆపివేస్తే రెండున్నర జీబీతో, మరొక జీబీ స్వాపుతో నడుపుకోవచ్చునని చెప్పారు. ఆ అధ్యాయాన్ని మన సరఫరాదారు చదవలేదు, లేదా చదివి మనకు చెప్పలేదు. వెయ్యిమంది పెళ్లికి గాడిపొయ్యి తవ్విన లెక్క చూపి, ఇంట్లో అన్నం వండుకోవద్దన్నట్లున్నది ఈ వ్యవహారం.

మనము నలభై మందికి మించము. వారిలో ఒకే సమయంలో పాఠం తెరిచేవారు ముగ్గురో నలుగురో. ఇటువంటి చిన్న గుంపులకు గిటీ అనే మరొక సాఫ్ట్‌వేరు ఉన్నది. దాని నుండి 2022లో విడిపోయిన ఫోర్జేయో కూడ ఉన్నది. (ఎస్పరాంటో భాషలో కొలిమి అని అర్థమిచ్చే మాటనుండి ఆ పేరు తీసుకొన్నారు, నాకు నచ్చింది.) గిటీ మొత్తం ఒకే ఫైలుగా వస్తుంది. వేరే డేటాబేసు పెట్టకుండా ఎస్‌క్యూలైట్‌తోనే పని జరుగుతుంది. చిన్న బృందాలకు రెండు కోర్లు, 1 జీబీ మెమరీ చాలునని దాని నిర్మాతలే రాశారు. 2016లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై 3 అనే అరచేతి బోర్డు కూడ తేలికపాటి పనికి సరిపోతుందని వారి మాట. అటువంటి బోర్డు అయిదు వాట్లు వాడుతుందనుకొంటే, రాత్రింబవళ్లు నడిపినా నెలకు నాలుగు యూనిట్ల కరెంటు కాలదు. బడి మూలన పడి ఉన్న పాత డెస్క్‌టాపు అరవై వాట్లు తీసుకొంటే నెలకు నలభై మూడు యూనిట్లు. పాతదాన్ని వాడుకోవడం పొదుపని అనుకొనేవారు ఈ లెక్కను కూడ వేసుకోవాలి.

ఇక చోటు సంగతి. మనము దాచవలసినది ఎంత? యూనికోడులో తెలుగు సంకేతం ఒక్కొక్కటి యూటీఎఫ్-8 పద్ధతిలో మూడు బైట్లు. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరంలో ఆరు సంకేతాలు, పద్దెనిమిది బైట్లు. పుటకు పదిహేను వందల సంకేతాలనుకొందాం. నూటయిరవై పుటల వాచకం అయిదువందల నలభై కిలోబైట్లు. ఒకటినుండి పదవ తరగతి దాకా పది వాచకాలు కలిపి అయిదున్నర మెగాబైట్లు. మన ఫోనుతో తీసే ఒకటి రెండు ఫోటోల పాటి బరువు! దీనికి ఎన్ని టెరాబైట్ల డిస్కు రాశాడో ఆ సరఫరాదారును మళ్లీ అడగాలని ఉన్నది.

అసలు ఇబ్బంది యంత్రంలో లేదు, మన ఫైళ్లలో ఉన్నది. ఈ మాట చెబితే సమావేశంలో ముఖాలు ముడుచుకున్నాయి, అయినా చెబుతాను. మన పాఠాలలో సగానికి పైగా అను ఫాంట్లలో, పేజ్‌మేకరులో ఉన్నాయి. ఆ ఫైలును గిట్‌కు అప్పగిస్తే తెలుగు అన్నదే దానికి కనబడదు. ఏ వాక్యం మారిందో చూపలేదు, "ఏదో మారింది" అని మాత్రం చెబుతుంది. వర్డ్ ఫైలు సంగతీ అంతే, అది లోపల చుట్టి కట్టిన మూట. గిట్ వరుస వరుసగా పోల్చి చూసేది సాదా పాఠాన్ని. కనుక పాఠాలన్నింటిని యూనికోడులోకి మార్చి, సాదా ఫైళ్లుగా, వాక్యానికొక వరుసగా పెట్టుకోవాలి. ఒకే పేరాగా రాస్తే ఒక్క దీర్ఘం దిద్దినా పేరా మొత్తం మారినట్లు చూపుతుంది. మరొక చిక్కు కూడ ఉన్నది. సున్న 'ం' వేయవలసిన చోట తెలుగు అంకె '౦' వేసిన వారిని నేను ఎరుగుదును. కంటికి రెండూ ఒకటే, యంత్రానికి వేరు. అటువంటి పదం వెదుకులాటలో దొరకదు. గిట్‌లో దిద్దినప్పుడు రెండు వరుసలు ఒకేలా కనబడుతూ "మారింది" అని వస్తే ఈ దొంగను అనుమానించండి. ఇక ఫైళ్లకు తెలుగు పేర్లు పెడితే గిట్ ఆజ్ఞల తెరపై అంకెల పొగులుగా చూపుతుంది. కోర్.కోట్‌పాత్ అన్న అమరికను ఆపివేస్తే తెలుగు తెలుగుగానే వస్తుంది. భాండారం పేరు మాత్రం గిటీలో రోమను లిపిలోనే ఉండాలి. ఇది నాకు కష్టం కలిగించింది గాని, దీనికోసం పని ఆపుకోను.

ఈ మార్పిడి శ్రమ ఉన్నదే, ఏ అంచనా పత్రంలోనూ లేదు. ఎనిమిది కోర్లు కొన్నా అది తప్పదు.

చిరునామా సంగతి కూడ సూటిగా చెప్పాలి. మన బడులకు, ఇళ్లకు వచ్చే ఇంటర్నెట్టులో చాలాచోట్ల బయటివారు నేరుగా చేరగల స్థిరమైన చిరునామా ఉండదు, ఒకే చిరునామాను కంపెనీ అనేకులకు పంచుతుంది. కనుక బడిలో బోర్డు పెడితే ఆ బడివారికి చాలు. హోసూరు, బళ్లారి, రాయగడ, షోలాపూరు ఉపాధ్యాయులు ఒకే చోటికి రావాలంటే 1 జీబీ మెమరీ గల అద్దె సర్వరు తీసుకోవడం మేలు. తాళపు గుర్తు కోసం లెట్స్ ఎన్‌క్రిప్ట్ వారి ధ్రువపత్రం ఉచితంగానే దొరుకుతుంది. బోర్డే కావాలనుకొంటే మెమరీ కార్డును నమ్మవద్దు, కరెంటు పోతూ వస్తూ ఉంటే అది తొందరగా పాడవుతుంది. చిన్న ఎస్ఎస్‌డీ తగిలించండి.

"ఇంత ఎందుకు, వాట్సాప్ చాలదా?" అనేవారికి మా బడి సంగతి ఒకటి. గతేడు ప్రకృతి–వికృతుల పట్టికలో రెండు వరుసలు తారుమారైతే ఒక ఉపాధ్యాయిని గమనించి దిద్ది పంపింది. గుంపులో "ఫైనల్", "కొత్త ఫైనల్", "ఇదే ఫైనల్" అని మూడు ఫైళ్లు. అచ్చుకు వెళ్లినది మొదటిది. ఆమె దిద్దుబాటు ఎవరి ఫోనులోనో ఉండిపోయింది, పిల్లలు తప్పు పట్టికనే వల్లించారు.

"ఉచితంగా ఇచ్చే పెద్ద కంపెనీల చోట పెట్టుకోరాదా?" అన్నది ఇంకొంత బరువైన ప్రశ్న. పెట్టుకోవచ్చు, నేర్చుకొనేందుకు అదే సులువు. కాని గూగుల్ కోడ్ 2016 జనవరిలో మూతబడింది. గిటోరియస్ 2015లోనే పోయింది. యాహూ గుంపులు 2020 డిసెంబరులో సమాప్తమైనాయి. గిట్‌హబ్‌ను 2018లో మైక్రోసాఫ్టు కొన్నది. రేపటి ఒప్పందం ఏమిటో మనకు చెప్పి చేయరు. పిల్లలు పేర్లతో రాసిన కథలను, మాటల సేకరణలను అటువంటి చోట పెట్టడం నాకు ఇష్టం లేదు.

మనకు ఇది సరదా కాదు. తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తమిళాన్ని మొదటి భాగంగా నిర్బంధం చేసి, మన మాతృభాషను నాలుగవ భాగంలో ఐచ్ఛికంగా ఉంచింది. ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు వసతులు కల్పించాలని చెప్పే 350ఎ అధికరణం 1956నుండి రాజ్యాంగంలో ఉన్నది. వసతి అన్నచోట మనకు వచ్చినది ఎంతో మీరెరుగుదురు. ఆంధ్రనుండి తెచ్చుకొన్న వాచకంలో "త్వరగా" అని ఉంటుంది. హోసూరు పిల్ల "బిరీన" అంటుంది, రాయగడ పిల్లవాడు "బేగి" అంటాడు. మూలప్రతి ఒక్కటే ఉంచి, హోసూరుకొక శాఖ, రాయగడకొక శాఖ పెట్టుకొంటే ఎవరి మాట వారికి దక్కుతుంది. మూలంలో తప్పు దిద్దితే అన్ని శాఖలకూ అందుతుంది. గిట్‌లో శాఖ పెట్టడం ఒక్క ఆజ్ఞతో అయ్యే పని.

సర్వరు చెడితే ఎలాగ అని అడిగిన పెద్దాయనకు సమాధానం బాకీ ఉన్నాను. ప్రతి ఉపాధ్యాయుడు దింపుకొన్న ప్రతిలో పాఠాలతో పాటు వాటి పూర్తి చరిత్ర ఉంటుంది, కనుక పాఠాలు పోవు. మనము జరిపిన చర్చలు, ఖాతాలు మాత్రం డేటాబేసులో ఉంటాయి. వాటికి వారానికొకసారి గిటీ డంప్ తీసి, వేరే ఊరిలో మరొకరి దగ్గర ఉంచాలి. ఈ పని తెలిసినవారు ఇద్దరుండాలి. ఒక్కరే ఉంటే, ఆ ఒక్కరికి బదిలీ అయిన నాడు సర్వరు ఉన్నా లేనట్లే.

ఆ ఇద్దరిలో ఒకడిగా నేనుంటాను. రాయగడ, గుణుపురం వైపునుండి రెండవవారు కావాలి. పాత అను ఫైళ్లు ఎవరి దగ్గర ఎన్ని ఉన్నాయో తరగతి వారీగా రాసి వచ్చే సమావేశానికి తీసుకొని రండి. యంత్రం సంగతి ఆ జాబితా చేతికి వచ్చిన తరువాత మాట్లాడుకొందాం.