వృద్ధుల మోకాటి నొప్పి

ముదిమియందు మోకాళ్లు నొచ్చుట సహజమని యింటివారు మిన్నకుండుట యొక తప్పు. రోగిని నాలుగడుగులైన నడిపించి చూడక, మోకాటిపై చేయి వేయక, తొలుతనే ఎక్స్‌రే, ఎం.ఆర్.ఐ. పటములకై పంపుట మఱియొక తప్పు. ఈ రెండు తప్పుల నడుమ మన పెద్దలు పొలమునకు, గుడికి, తుదకు పెరటిలోనికిని పోలేని స్థితికి వచ్చుచున్నారు.

ఈ వయస్సున నొప్పికి సామాన్య కారణము కీలులోని మృదులాస్థి యరుగుట. రోగికి 45 ఏండ్లు దాటి, నడచినపుడు నొప్పి కలుగుచు, ఉదయపు బిగువు లేకయో 30 నిమిషములకు మించకయో యున్నచో, పటము లేకయే యీ వ్యాధిని నిర్ణయింపవచ్చునని బ్రిటనులోని నైస్ సంస్థ 2022వ సంవత్సరపు సూత్రములలో చెప్పియున్నది. పటమునే నమ్ముట యెంత ప్రమాదమో అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పరిశోధనము తెలుపుచున్నది. అచట 50 మొదలు 90 ఏండ్లవఱకు గల 991 మందిని ఎం.ఆర్.ఐ.తో పరీక్షించి 2008లో ఫలితములు ప్రకటించిరి. కీలునందలి మెనిస్కస్ అను మెత్త చినిగినవారిలో నూటికి 61 మందికి అంతకు ముందు నెలలో నొప్పిగాని బిగువుగాని లేకుండెను! పటమున చినుగు కనబడినంతనే కత్తి పట్టుట తగునా?

అట్లని నొప్పులన్నియు నరుగుదలవే యనుటయు సరికాదు. తుంటికీలు చెడినపుడు నొప్పి మోకాటియందు తోచుట కలదు. కావున తుంటిని గూడ త్రిప్పి చూడవలయును. అనేక సంధులు వాచి, ఉదయపు బిగువు గంటకు మించి యుండెనేని వేఱు వాతమును శంకింపవలయును. నల్లగొండ, ప్రకాశము జిల్లాల పల్లెలలో ఫ్లోరైడు నీరు చిరకాలము త్రాగినవారికి వెన్నును కీళ్లును బిగిసికొనిపోవుట ప్రసిద్ధము. ఏ నూతి నీరు త్రాగితిరని యడుగనిదే అట్టివారికి వైద్యమెట్లు సాగును? మోకాలు హఠాత్తుగా వాచి, వెచ్చబడి, జ్వరము వచ్చెనేని కీలులో చీము పట్టియుండవచ్చును. ఆనాడే నీరు తీసి పరీక్షింపవలయును. పడిన పిమ్మట కాలు మోపలేనివారికి ఎక్స్‌రే యవశ్యము.

కారణ మెఱుగక అంగడి మాత్రలతో నెలలు గడుపువారు మూత్రపిండములను, కడుపును చెఱచుకొనుచున్నారు. ప్రాథమికారోగ్య కేంద్రములలో ప్రతి వృద్ధుని మోకాటికిని వైద్యుడు పావుగంట కాలము వెచ్చించునట్లు ప్రభుత్వములు చూడవలయునని మేము కోరుచున్నాము. ఇందులకు క్రొత్త యంత్రములు కొననక్కఱలేదు. ఇంటివారును నొప్పి యెన్నడు మొదలయ్యెనో, దేనివలన హెచ్చుచున్నదో కనిపెట్టి వైద్యునకు తెలుపవలయును. పెద్దవారి మొఱను వినుటయే చికిత్సకు మొదటి మెట్టు.