సిస్టమ్ వేసిన మార్కులు

ఈ మధ్య మన కాలేజీల్లో ఒక కొత్త దేవుడు వెలిశాడు. పేరు సిస్టమ్. "నాకు ఎఫ్ ఎందుకొచ్చింది మేడమ్?" అని ఎవరైనా అడిగితే, "సిస్టమ్ అలా చూపిస్తోందమ్మా, నేనేం చెయ్యను?" అంటారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని సామెత. ఇక్కడ ఒక అడుగు ముందుకేశాం. వరం ఆపేది పూజారే, నింద మాత్రం దేవుడి మీద.

సిస్టమ్ మార్కులు వెయ్యదు. ఎవరో ఒకరు పెట్టిన సెట్టింగుల ప్రకారం కూడి, భాగించి చూపిస్తుంది, అంతే. ఆ సెట్టింగులు ఎవరూ పెట్టకపోతే ఎక్కడో ఎవరో ముందే పెట్టి పంపినవి నడుస్తాయి. నా గొడవంతా దాని గురించే.

మూడిల్‌నే తీసుకోండి. ఆస్ట్రేలియాకి చెందిన మార్టిన్ డూగియామస్ మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది, 2002లో మొదటి వెర్షన్ వచ్చింది. మంచి పనిముట్టే, దాన్ని తిట్టడం నా ఉద్దేశం కాదు. అందులో గ్రేడ్‌బుక్ అని ఒకటుంటుంది. అందులో ఒక చిన్న టిక్కు: ఖాళీగా ఉన్న మార్కుల్ని లెక్కలోకి తీసుకోవాలా, వద్దా? ఒకమ్మాయికి ఐదు అసైన్‌మెంట్లలో మూడింటికి 80 చొప్పున వచ్చాయనుకుందాం. మిగతా రెండూ ఇవ్వలేదు. ఖాళీలు వదిలేస్తే ఆమె సగటు 80. సున్నాలుగా లెక్కిస్తే 48. అమ్మాయి అదే, రాసింది అదే. మధ్యలో మారింది ఒక్క టిక్కు.

ఆ రెండింటిలో ఏది న్యాయమో నేను చెప్పడం లేదు. ఇవ్వనివాళ్ళకి సున్నా వెయ్యడం న్యాయమే కావచ్చు. జ్వరమొచ్చి ఇవ్వలేకపోయినవాళ్ళకి కాకపోవచ్చు. అది టీచరు తేల్చుకోవాల్సిన విషయం. మరి తేల్చుకున్నారా? ఆ టిక్కు ఉందన్న సంగతి ఎంతమందికి తెలుసు?

ఇంకొకటి. మూడిల్ తనంతట తాను ఇచ్చే అక్షరాల పట్టికలో 93 దాటితే ఏ, 60కి తగ్గితే ఎఫ్. మన పదో తరగతిలో 35 వస్తే పాస్. అమెరికా అలవాటులో పుట్టిన పట్టికని మార్చకుండా మన క్లాసులో వదిలేస్తే, ఇక్కడ హాయిగా పాసయ్యే 55 అక్కడ ఎఫ్ అవుతుంది. తెలంగాణలో పదో తరగతికి గ్రేడ్లా, మార్కులా అని ఏళ్ళ తరబడి వాదించుకున్నాం. ఈ పట్టిక గురించి ఒక్కరోజైనా మాట్లాడుకున్నామా?

బరువుల సంగతీ అంతే. పది మార్కుల క్విజ్‌లు పది, ఇరవై మార్కుల వ్యాసం ఒకటి పెట్టి, మిగతాది సాఫ్ట్‌వేర్‌కి వదిలేస్తే వ్యాసం విలువ మొత్తంలో ఆరో వంతు. మూడు వారాలు చదివి, కొట్టేసి, మళ్ళీ రాసిన వ్యాసం రెండు క్విజ్‌లతో సమానం. సాహిత్యం చెప్పే క్లాసులో కూడా!

తెలుగులో జవాబు రాయమంటే కథ ఇంకా రంజుగా ఉంటుంది. ఒక్కమాట జవాబుల్ని యంత్రం టీచరు ముందే రాసిపెట్టిన మాటలతో అక్షరం అక్షరం పోల్చి చూస్తుంది. 'పెళ్ళి' అని పెట్టి ఉంటే 'పెళ్లి' తప్పు. కన్యాశుల్కం రాసిందెవరంటే 'గురజాడ అప్పారావు' ఒప్పు, ఉత్త 'గురజాడ' సున్నా. 'సాఫ్ట్‌వేర్' అని రాయడానికి ట తర్వాత కంటికి కనపడని ఒక కేరెక్టర్ పడాలి. అది పడకపోతే వ కాస్తా వత్తుగా కిందికి దిగిపోతుంది. మనిషి రెండూ ఒకటేనని చదువుకుంటాడు. యంత్రం చదవదు, పోలుస్తుంది.

"మనుషులు మాత్రం సరిగ్గా దిద్దుతారా?" అంటారు. దిద్దరు. 1912లో స్టార్చ్, ఎలియట్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు ఒకే ఇంగ్లీషు పేపర్ని 142 మంది టీచర్లతో దిద్దించారు. మార్కులు 64 నుంచి 98 దాకా పాకాయి. మనిషి చేతిలో తూకం కదులుతుందని ఒప్పుకుంటాను. కానీ ఆ మనిషి దగ్గరికెళ్ళి "ఇదెందుకు తప్పు?" అని నిలదీయొచ్చు. అదే తూకాన్ని రెండు దశాంశ స్థానాల దాకా చూపించేసరికి, అడిగే నోరు మూతపడుతుంది. 79.83 అని కనపడితే అదేదో ప్రకృతి సూత్రంలా ఉంటుంది మరి.

రెండొందల మంది పిల్లలు, టైమెక్కడిదీ అంటారా? నేను రెండొందల వ్యాసాలు మళ్ళీ దిద్దమనడం లేదు. సెమిస్టర్ మొదలయ్యే ముందు ఒక్క గంట కూర్చోమంటున్నాను. ఖాళీకి సున్నానా కాదా, దేనికి ఎంత బరువు, పాస్ గీత ఎక్కడ, తప్పు దొర్లితే ఎవరిని అడగాలి: ఈ నాలుగూ తెలుగులోనో ఇంగ్లీషులోనో అరపేజీలో రాసి మొదటి క్లాసులోనే పిల్లల చేతిలో పెట్టమంటున్నాను. రాయడానికి కూర్చుంటే మీకే తెలుస్తుంది, ఇన్నాళ్ళూ వీటిలో ఎన్నింటిని మీరు తేల్చుకోలేదో.

పిల్లలకో మాట. ఈసారి "సిస్టమ్ వేసింది" అంటే తలూపి వచ్చెయ్యకండి. "సిస్టమ్‌కి ఎవరు చెప్పారు?" అని అడగండి.