27వ ర్యాంకు దగ్గరే ఆగిపోయిన సింగిల్స్ ప్రయాణం

2025 నవంబరు ఆరంభంలో రోహన్ బోపన్న ఆటకు వీడ్కోలు పలికినప్పుడు, భారత డబుల్స్ టెన్నిస్‌లో ఒక శకం ముగిసిందని పత్రికలు రాశాయి. అందులో అతిశయోక్తి లేదు. 43 ఏళ్ల వయసులో ఆస్ట్రేలియన్ ఓపెన్ డబుల్స్ టైటిల్ గెలిచి, ప్రపంచ నంబర్ వన్ స్థానానికి చేరిన ఆటగాడాయన. అయితే ఆ ప్రశంసల నడుమ అంతగా వినిపించని ప్రశ్న ఒకటి ఉంది. డబుల్స్‌లో ఇంతమంది నిలదొక్కుకున్న దేశంలో సింగిల్స్ ఆటగాళ్లు ఎందుకు నిలవలేకపోతున్నారు? 2025 ముగిసేనాటికి పురుషులలో గానీ, మహిళలలో గానీ సింగిల్స్ తొలి వందమందిలో భారతీయులు ఒక్కరూ లేరు.

శిక్షణ లోపమనీ, నిధుల కొరత అనీ, సంఘాల రాజకీయాలనీ కారణాలు చెప్పుకుంటూనే ఉన్నాం. అవన్నీ నిజమే. కానీ ఆటగాడి శరీరం గురించి మనం మాట్లాడింది చాలా తక్కువ. ఈ కోణంలో తిరిగి చూడవలసిన జీవితం మన హైదరాబాదు అమ్మాయిదే.

2007 ఆగస్టు 27న సానియా మీర్జా సింగిల్స్‌లో 27వ ర్యాంకుకు చేరారు. అప్పటికి ఆమెకు ఇంకా 21 ఏళ్లు నిండలేదు. అంతకుముందు గానీ, ఆ తరువాత గానీ మరే భారతీయ మహిళా ఆ మెట్టు ఎక్కలేదు. ఆమె కూడా మళ్లీ ఎక్కలేదు. డబుల్స్‌లో, మిక్స్‌డ్ డబుల్స్‌లో ఆరు గ్రాండ్‌స్లామ్ టైటిళ్లు, 91 వారాల నంబర్ వన్ హోదా, మార్టినా హింగిస్‌తో కలిసి వరుసగా 41 విజయాలు. ఇంతటి సంపద కళ్లెదుట ఉండగా, మధ్యలో తెగిపోయిన మొదటి ప్రయాణం ఎవరికి గుర్తుంటుంది?

ఆ ప్రయాణం వేగాన్ని ఒకసారి తలచుకోవాలి. పేడతో అలికిన కోర్టులలో ఆట నేర్చుకున్నానని ఆమె పలుమార్లు చెప్పారు. అలాంటి బాలిక 2005 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ మూడో రౌండుకు చేరి సెరెనా విలియమ్స్‌ను ఎదుర్కొన్నారు. మరుసటి నెలలో హైదరాబాదులోనే సింగిల్స్ టైటిల్ గెలిచి, డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ సాధించిన తొలి భారతీయ మహిళ అయ్యారు. ఆ వెంటనే దుబాయిలో నాటి యూఎస్ ఓపెన్ విజేత కుజ్‌నెత్సోవాను ఓడించారు. సెప్టెంబరులో యూఎస్ ఓపెన్ నాలుగో రౌండు. ఇదంతా ఒక్క ఏడాదిలోనే.

ఆమె ఆయుధం ఫోర్‌హ్యాండ్. బంతి దాదాపు దాటిపోయిందనుకున్న క్షణంలో మణికట్టు విదిలింపుతో పుట్టే దెబ్బ అది. ప్రత్యర్థికి దిశ అందకపోవడానికీ, ఆమెకన్నా బలమైన క్రీడాకారిణులు తడబడడానికీ ఆ విదిలింపే కారణం. ఆ భారాన్నంతా మోసింది కూడా ఆ మణికట్టే. 2007లో మోకాలికి శస్త్రచికిత్స జరిగింది. కోలుకుని అదే వేసవిలో ఉన్నత ర్యాంకుకు చేరారు. 2008లో మణికట్టుకు శస్త్రచికిత్స తప్పలేదు. ఆ ఏడాది బీజింగ్ ఒలింపిక్స్‌లో తొలి రౌండులోనే, ఇవెటా బెనెసోవా చేతిలో 1-6, 1-2తో వెనుకబడి ఉండగా నొప్పి భరించలేక వైదొలిగారు. తల దువ్వుకోవడం కూడా కష్టమైన రోజులవి. ఆ తరువాత కొన్ని నెలలు కుంగుబాటులో గడిపానని ఆమె ఏళ్లు గడిచాక బయటపెట్టారు.

ఇక్కడ మా వృత్తి గురించి ఒక మాట ఒప్పుకోవాలి. ఆ సంవత్సరాలలో ఆమె ధరించిన లంగా పొడవు మీద, టీషర్టు మీద రాతల మీద వార్తాసంస్థలు కేటాయించిన స్థలంతో పోలిస్తే, ఆమె మణికట్టుకు కేటాయించింది చాలా స్వల్పం. వివాదం శీర్షిక అవుతుంది, స్నాయువు నొప్పి కాదు.

2011లో రెండో మోకాలికీ శస్త్రచికిత్స జరిగింది. అంతటితో లెక్క స్పష్టమైంది. 2013 నాటికి, 26 ఏళ్ల వయసులో, ఆమె సింగిల్స్‌కు స్వస్తి చెప్పారు. సాధారణంగా సింగిల్స్ క్రీడాకారిణి పరిపక్వతకు వచ్చే వయసది.

డబుల్స్ ఎందుకు ఆశ్రయమైందో అర్థం చేసుకోవడానికి టెన్నిస్ నిపుణులు కానక్కరలేదు. కోర్టులో సగమే కాపాడాలి, సర్వీసు భారం ఇద్దరికీ చెరిసగం. గ్రాండ్‌స్లామ్‌ల వెలుపల జరిగే టోర్నీలలో 40-40 వద్ద ఒకే పాయింటుతో గేమ్ తేలిపోతుంది. సెట్లు చెరొకటి అయితే మూడో సెట్టుకు బదులు పది పాయింట్ల టైబ్రేక్ ఉంటుంది. గాయపడిన కీలుకు ఈ తేడా చిన్నది కాదు. డబ్బులో తేడా కూడా చిన్నది కాదు, కాకపోతే అది ఎదురు దిశలో ఉంటుంది. డబుల్స్ బహుమతి సొమ్ము సింగిల్స్ కన్నా చాలా తక్కువ.

ఆమె ఒక్కరి కథే అయితే దీన్ని దురదృష్టమని సరిపెట్టుకోవచ్చు. కానీ అదే దారిలో మరికొందరు ఉన్నారు. 2010 గ్వాంగ్జౌ ఆసియా క్రీడల స్వర్ణ విజేత సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్ మరుసటి ఏడాది 62వ ర్యాంకుకు చేరారు. 2012లో భుజం గాయం ఆయనను నెలల తరబడి కోర్టుకు దూరం చేసింది. 2017 తొలి రోజున, 31 ఏళ్లకే, రిటైర్మెంట్ ప్రకటించారు. 2009లో ఆస్ట్రేలియన్ ఓపెన్ బాలుర టైటిల్ గెలిచిన యూకీ భాంబ్రీ, 2018 ఏప్రిల్‌లో 83వ ర్యాంకు వద్ద ఉన్నారు. మోకాలి గాయంతో ఆ తరువాత రెండేళ్లకు పైగా ఆటే లేదు. తిరిగి వచ్చి, చివరకు ఆయనా డబుల్స్ దారే పట్టారు. 2025 యూఎస్ ఓపెన్‌లో మైకేల్ వీనస్‌తో కలిసి సెమీఫైనల్ చేరినప్పుడు ఆయన వయసు 33. ఆ విజయాన్ని దేశం వేడుకగా చూసింది, అది సహజం. అయితే పోయిన సింగిల్స్ సంవత్సరాల లెక్క ఎవరూ తీయలేదు.

పేస్, భూపతి వేసిన బాట ముందే ఉంది కదా, డబుల్స్ మన సంప్రదాయం కదా అని వాదించవచ్చు. వల దగ్గర చురుకుదనం మనవారి సొత్తు అన్నదీ నిజమే. కానీ ఇష్టపడి డబుల్స్ ఎంచుకోవడం వేరు, మోకాలు ఎంచిపెట్టడం వేరు. విజయాల పట్టికలో ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ఈ ఆటలో గాయం ఖరీదు ఇంతగా పెరగడానికి వ్యవస్థే కారణం. ర్యాంకింగ్ పాయింట్లకు ఆయుష్షు 52 వారాలు. మంచం మీద ఉన్నా, ఫిజియో దగ్గర ఉన్నా అవి కరిగిపోతూనే ఉంటాయి. ఆరు నెలలకు మించి దూరమైనవారికి రక్షిత ర్యాంకింగ్ అనే వెసులుబాటు ఉంది. అయితే అది పరిమితమైన టోర్నీలలో ప్రవేశానికి పనికొస్తుంది తప్ప, పోయిన పాయింట్లను తిరిగి ఇవ్వదు. క్రికెటర్‌కు బోర్డు కాంట్రాక్టు, అకాడమీ వైద్యులు ఉంటారు. టెన్నిస్ ఆటగాడు తన శరీరానికి తానే యజమాని, తానే బీమా సంస్థ. సుమిత్ నాగల్ 2021లో తుంటికి శస్త్రచికిత్స చేయించుకున్నాక ర్యాంకింగ్‌లో ఐదు వందల కిందికి జారిపోయారు. 2023లో దేశంలో అగ్రశ్రేణి సింగిల్స్ ఆటగాడిగా ఉంటూనే, బ్యాంకు ఖాతాలో 900 యూరోలే మిగిలాయని చెప్పవలసి వచ్చింది. ఆ మాట బయటికి వచ్చాకే చేతులు సాయానికి చాచాయి. 2024లో ఆయన 68వ ర్యాంకుకు చేరారు. అంటే సాయం ముందే అంది ఉంటే అనే ప్రశ్న ఊహ మాత్రమే కాదు.

ఇప్పుడు ఇది హైదరాబాదుకు మళ్లీ సొంత సమస్య. 2025లో పుణెలో జరిగిన బిల్లీ జీన్ కింగ్ కప్ పోటీలలో ఆడిన సింగిల్స్ మ్యాచ్‌లన్నీ గెలిచి భారత్‌ను ప్లేఆఫ్స్‌కు చేర్చిన శ్రీవల్లి రష్మిక భమిడిపాటి ఈ నగరపు క్రీడాకారిణే. ఆమె వంటివారికి సొంత కోచ్ కన్నా ముందుగా, టోర్నీ నుంచి టోర్నీకి వెంట వెళ్లే ఫిజియో అవసరం. ఆ ఖర్చు ఎవరు భరించాలన్నది గాయం అయ్యాక కాక, కాకముందే తేలాలి. క్రీడా మంత్రిత్వ శాఖ అథ్లెట్ల పథకాలు, రాష్ట్ర ప్రభుత్వాల నగదు బహుమతులు చాలావరకు పతకం వచ్చిన తరువాత చేతికందేవి, లేదా పతకం ఆశ ఉన్నంతకాలం నడిచేవి. కీళ్లకు ఆ క్యాలెండర్ తెలియదు.

సానియాకు చివరి తేదీ కూడా తన చేతిలో లేకపోయింది. 2022 సీజన్‌తో ముగిస్తానని ముందే ప్రకటించారు. ఆగస్టులో మోచేతి గాయం ఆ ప్రణాళికను చెడగొట్టింది. గాయం తనను వెళ్లగొట్టిందనిపించుకోవడం ఇష్టంలేక, మరికొన్ని నెలలు కష్టపడి 2023 ఫిబ్రవరి దాకా ఆటను లాగారు. ఆ జనవరిలో మెల్‌బోర్న్‌లో బోపన్నతో మిక్స్‌డ్ ఫైనల్ ఆడారు, నెల తరువాత దుబాయిలో తొలి రౌండులో ఓడారు. మార్చి 5న హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియంలో వీడ్కోలు వేడుక జరిగింది. 2005లో ఆమె సింగిల్స్ టైటిల్ గెలిచిన ప్రాంగణమే అది. ఆ రోజు అభిమానుల కోసం ఆమె రెండు ప్రదర్శన మ్యాచ్‌లు ఆడారు. రెండూ మిక్స్‌డ్ డబుల్సే.